బ్రేకు పనిచేస్తోందా

మార్చి 11, మంగళవారం

ఈత నుంచి ఇంటికి తీసుకొస్తుంటే కాలినా కారులో ఒక సంగతి చెప్పింది. తరువాత రాస్తాను.

సాయంత్రం చిక్కుడు గింజల సూపు. ఉప్పు లేదు.

మార్చి 12, బుధవారం

సూపులో ఉప్పు సరిగ్గానే ఉందట. నా నోటికే తెలియలేదు.

మార్చి 14, శుక్రవారం

ఎన్నాళ్ళని సూపు గురించి రాస్తాను.

కాలినాకు పదేళ్ళు. వెసెలీనా కూతురు. నాలుగేళ్ళుగా నాకూ కూతురే, కాగితాల మీద తప్ప. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే కారులోనే చెబుతుంది. కారులో నేను రోడ్డు వంక చూడాలి కదా, అందుకని. పన్ను ఊడిందనీ, లెక్కల్లో రెండు మార్కులొచ్చాయనీ, నా మీసం బాగాలేదనీ అన్నీ అక్కడే చెప్పింది.

మంగళవారం వంతెన దిగాక అడిగింది. "నెడ్కో, నేనొకటి చెబితే కారు ఆపేస్తావా?"

"ఆపమంటే ఆపుతాను."

"వద్దు. ఆపకు. ఇటు చూడకు కూడా."

ఆపలేదు. చూడలేదు. ఐదో అంతస్తులో ఉండే ఇంజినీరు మాన్చెవ్ గురించి చెప్పింది. మా బ్లాకు పిల్లలకు గురువారాలు చదరంగం నేర్పే మాన్చెవ్. నాకు డ్రిల్లింగ్ మిషన్ అరువిచ్చిన మాన్చెవ్. ఏం చేశాడో ఇక్కడ రాయను. ఆమె ఒకసారి చెప్పింది, నేను విన్నాను. అది చాలు.

"నమ్ముతున్నావా?" అంది.

"నమ్ముతున్నాను."

"వెంటనే ఎలా నమ్మేశావు? కొంచెం ఆలోచించవా?"

"ఆలోచించాను. నాది వేగంగా పనిచేసే బుర్ర."

"పిజ్జా ఏది కావాలో చెప్పడానికి అరగంట తీసుకుంటావు."

"అది వేరే విభాగం."

చెప్పి మంచిపని చేశావన్నాను. తప్పు నీది కాదన్నాను. ఇంకా ఏమనాలో తెలియక సీటు బెల్టు సరిగ్గా ఉందా అని అడిగాను. అప్పటికి మా బ్లాకు ముందునుంచి రెండోసారి వెళ్ళిపోతున్నాం.

"నెడ్కో, మన ఇల్లు దాటేశావు."

"పార్కింగ్ దొరకలేదు."

"రెండు ఖాళీగా ఉన్నాయి."

"అవి నాకు నచ్చలేదు."

మనసు బాగాలేనప్పుడు స్టీరింగ్ పట్టుకోవద్దని ఇరవై ఏళ్ళుగా జనానికి నేర్పుతున్నాను. డబ్బు తీసుకుని మరీ.

మార్చి 15, శనివారం

వెసెలీనాకు చెప్పిన సంగతి కూడా రాయాలి. ఆమె 112లో, ఆపదలో ఉన్నవాళ్ళ ఫోన్లు అందుకునే చోట పనిచేస్తుంది. వంటింట్లో తలుపు వేసి చెప్పాను. చివరిదాకా విని, ఉద్యోగపు గొంతుతో అడిగింది. "పాప ఇప్పుడు ఎక్కడ ఉంది? క్షేమంగా ఉందా? మీరు ఆమె దగ్గరే ఉన్నారా?"

నాలుగేళ్ళ కాపురంలో నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

"పక్క గదిలో ఉంది. టీవీ చూస్తోంది," అన్నాను.

"మంచిది. మీరు బాగా చేస్తున్నారు," అంది. తరువాత కడిగిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది.

నేను కారులోంచి జాకీ కడ్డీ తెచ్చుకుని మెట్లెక్కాను. మా మూడో అంతస్తు నుంచి నాలుగో అంతస్తు దాకా వెళ్ళాను. వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది. అరవలేదు.

"నెడ్కో. నువ్వు జైలుకెళితే పొద్దున్నే దాన్ని బడికి ఎవరు తీసుకెళతారు? నాకు ఆరింటికి డ్యూటీ."

దిగొచ్చాను. మరునాడు ఇద్దరం వెళ్ళి పోలీసులకూ, పిల్లల సంరక్షణ శాఖకూ చెప్పాం. విచారణ అయ్యేదాకా మాన్చెవ్ మా బ్లాకు దరిదాపులకు రాకూడదని ఆదేశం వచ్చింది. ఊరి బయట తోట ఇంట్లో ఉంటున్నాడట. ఆయన భార్య మాత్రం పైన ఐదో అంతస్తులోనే ఉంది.

నేను బాగానే ఉన్నాను.

మార్చి 17, సోమవారం

పిల్లల మాటలు వినడానికి ప్రత్యేకంగా ఒక గది ఉంది. నీలి గది అంటారు. గోడలు పసుపు. కాలినా లోపల ఒక్కతే, విచారణకు శిక్షణ పొందిన ఆవిడతో. మేం బయట కుర్చీల్లో.

బయటికి రాగానే కాలినా అన్న మొదటి మాట: "దీన్ని నీలి గది అని ఎందుకంటారు?"

జోర్నిత్సా అనే అమ్మాయి మా దగ్గరికి వచ్చి కూర్చుంది. మానసిక నిపుణురాలట. నా డ్రైవింగ్ లైసెన్సు ఆమెకంటే వయసులో పెద్దది. "మీరిద్దరూ తిండి తింటున్నారా?" అని అడిగింది. పాపకు జరిగింది, మా తిండి గురించి ఎందుకు అన్నాను. "ఆమె లేచినప్పుడల్లా మీ మొహాలే చూస్తుంది కదా. చూడ్డానికి ఆ మొహాలు కాస్త బాగుండాలి," అంది.

బుధవారాలు ఇలాంటి కష్టం వచ్చిన పిల్లల తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకునే సభ ఒకటి ఉందట. రమ్మంది. నేను మాటకారిని కాను అన్నాను. వెసెలీనా దగ్గు వచ్చినట్టు నటించింది.

మార్చి 19, బుధవారం

వెళ్ళాను. ఊరికే, గది వేడిచేసే రేడియేటర్లు ఎలా ఉన్నాయో చూద్దామని.

అది పగలు చిన్నపిల్లలు ఆడుకునే గది. కుర్చీలు వాళ్ళవే. నా మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఏడుగురు తల్లులు, ఒక మేనత్త, నేను. అందరూ నా వైపు చూశారు. వీడు తప్పిపోయి వచ్చాడా, లేక ప్లంబరా అన్నట్టు. వాళ్ళను నవ్వించాను. డ్రైవింగ్ స్కూలు కథలన్నీ చెప్పాను. సీమోవా గారని మందుల షాపు ఆవిడ నా దగ్గర నేర్చుకుంటోంది, నాలుగుసార్లు పరీక్ష తప్పింది. ఆవిడ రివర్సులో పూలకొట్టులోకి వెళ్ళిన కథ చెప్పాను. అందరూ నవ్వారు, ఒక్కావిడ తప్ప. డాక్టరు రాలీత్సా అట, పళ్ళ వైద్యురాలు.

వాళ్ళకు నా అవసరం చాలా ఉన్నట్టుంది. వచ్చే వారం కూడా వెళతాను.

మార్చి 20, గురువారం

బాగానే ఉన్నాను.

సీమోవా గారు కోప్పడింది. "మీ వైపు కూడా బ్రేకు ఉందని నాకు తెలుసు. కానీ ఎదురుగా ఏమీ లేకపోతే ఎందుకు తొక్కుతున్నారు?"

పావురం అడ్డొచ్చింది అన్నాను. అక్కడ పావురం లేదు.

మార్చి 24, సోమవారం

మా అత్తగారు దోచ్కా వచ్చింది. ఊరినుంచి బస్సులో, మిరపకాయ పచ్చడి జాడీలతో. వెసెలీనా ఫోన్లో చెప్పిందట. జాడీలన్నీ బల్లమీద పేర్చాక కూర్చుంది.

"మాన్చెవా?" అంది. "నా బట్టలు ఉతికే మిషన్ భుజాన మోసుకొచ్చిన మాన్చెవా? పిల్లలు టీవీలో ఏవేవో చూస్తారమ్మా."

వెసెలీనా జాడీల్ని ఒక్కొక్కటీ మళ్ళీ సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"నమ్మకపోతే ఆరింటి బస్సు ఉందమ్మా."

"నేను నమ్మలేదన్నానా? ఆలోచిస్తున్నానన్నాను."

"ఆ మాట అనలేదు."

"ఇప్పుడంటున్నాను."

ఉండిపోయింది. కానీ గురువారం పైకి వెళ్ళి మాన్చెవ్ భార్యతో పేకాట ఆడొచ్చింది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆడతారు, పదిహేనేళ్ళ అలవాటు. వెసెలీనా వాళ్ళమ్మతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు కావాలన్నా నా ద్వారానే అడుగుతారు. వంటింటికి రాయబారిని నేను.

(మొన్న రాసింది సోమవారం తారీకు. గురువారం సంగతి ఈ రోజు, 28న కలిపాను. ఈ మధ్య రోజులు కలిసిపోతున్నాయి.)

మార్చి 31, సోమవారం

పొద్దున్న వెసెలీనా ఆరింటికే వెళ్ళిపోతుంది కాబట్టి కాలినాకు జడ వేసేది నేనే. యూట్యూబులో చూసి నేర్చుకున్నాను. మార్చి 11 తరువాత వెయ్యలేదు. మొదట రెండు వారాలూ ఆమె జుట్టు విరబోసుకునే వెళ్ళింది. ఇప్పుడు మా అత్తగారు వేస్తోంది. పని తప్పింది, హాయిగా ఉంది.

ఈ రోజు కాలినా అద్దం ముందు నిలబడి అంది. "అమ్మమ్మ జడ వేస్తే కళ్ళు వెనక్కి వెళుతున్నాయి. నువ్వెందుకు వెయ్యట్లేదు?"

"అమ్మమ్మ నాకంటే బాగా వేస్తుంది కదా."

అద్దంలోంచి నా వైపు చూసింది. "నాకేమైనా అంటుకుందా?"

ఆలస్యమవుతోంది అన్నాను. కిందికి వెళ్ళి కారులో కూర్చున్నాను. ఎక్కడికీ ఆలస్యం కాలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

సభలో మళ్ళీ సీమోవా గారి కథ మొదలుపెట్టాను. ట్రామ్ లేని ఊళ్ళో ట్రామ్‌కు దారివ్వడానికి ఆగిన కథ. సగంలో డాక్టరు రాలీత్సా అంది:

"నా కుర్చీలో కూర్చుని నోరు మూయకుండా కబుర్లు చెప్పేవాళ్ళు రోజూ ఇద్దరు ముగ్గురు వస్తారు. సూది అంటే భయం ఉన్నవాళ్ళు."

ఏదో జవాబు చెప్పాలని నోరు తెరిచాను. జడ సంగతి బయటికి వచ్చింది. నా చేతుల్ని చూసుకుంటే భయమేస్తోందని చెప్పాను. వాడివీ మగవాడి చేతులే కదా అని. ఆమెను ముట్టుకుంటే ఆమెకేం గుర్తొస్తుందో అని. మా కాలినా అడిగిన మాట చెప్పాను. ఆ తరువాత కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఆ గదిలో పుప్పొడి చాలా ఎక్కువ, నా కళ్ళకు పడదు. కిటికీలు మూసే ఉన్నాయి, అయినా.

"ముట్టుకోవాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు," అంది జోర్నిత్సా. "ఆ సంగతి తెలిసినావిడ మీ ఇంట్లోనే ఉంది. ఆవిడను అడగండి."

డాక్టరు రాలీత్సా నాకు రుమాలు ఇచ్చింది. పుదీనా వాసన. వాళ్ళబ్బాయికి ఏడేళ్ళట. "ఇప్పుడు చెప్పండి ఆ ట్రామ్ కథ," అంది. చెప్పాను. ఆవిడే అందరికంటే గట్టిగా నవ్వింది.

ఏప్రిల్ 3, గురువారం

అడిగాను. "జడ నేను వెయ్యనా? వద్దంటే వద్దు. నాకేం కోపం రాదు."

కాలినా చాలాసేపు ఆలోచించింది. పిజ్జా విభాగంలో నాలాగే.

"వెయ్యి. కానీ ముందు 'ఇప్పుడు' అనాలి. అప్పుడు మొదలుపెట్టాలి. నేను 'ఆగు' అంటే ఆగాలి."

"సరే. ఇప్పుడు."

దువ్వెన పెట్టీ పెట్టగానే "ఆగు." ఆగాను. కొంచెంసేపయ్యాక "ఊఁ" అంది. మళ్ళీ మొదలుపెట్టాను. "ఆగు." ఆగాను. చెయ్యి గాలిలోనే ఉంది. మూడోసారి కూడా ఆపింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు. పనిచేస్తోందా లేదా అని చూశాను."

జడ వంకరగా వచ్చింది. బడికి అలాగే వెళ్ళింది. నేను సీమోవా గారి పాఠానికి వెళ్ళాను. పూలకొట్టు దగ్గర తప్ప ఎక్కడా బ్రేకు తొక్కలేదు. అక్కడ నిజంగానే అవసరం పడింది.

ఏప్రిల్ 7, సోమవారం

ముగ్గురు పాఠాలు మానుకున్నారు. వానలు కదా.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇంకో ఇద్దరు. ఈ రోజు ఎండ కాసింది.

సీమోవా గారు వచ్చింది. కారెక్కి బెల్టు పెట్టుకున్నాక అంది. "మా షాపులో ఒకావిడ దగ్గు మందు కొంటూ చెప్పింది. మారుతండ్రి ఉన్న ఇంట్లో దొంగను పైఅంతస్తులో వెతకడం ఎందుకని. మీ బ్లాకు ముందు బెంచీ మీద ఇదే మాటట."

"మరి మీరెందుకు వచ్చారు?" అన్నాను.

"మీ మీద మహా నమ్మకమని అనుకోకండి. నన్ను ఇంకెవరూ కారెక్కించుకోరు." గేరు వేసింది. తప్పు గేరు. "నమ్మకం కూడా ఉందిలెండి," అంది.

ఏప్రిల్ 9, బుధవారం

డ్రైవింగ్ స్కూలు ఆఫీసులో సోఫా ఉంది. కొన్నాళ్ళు ఇక్కడ ఉంటాను. నేనింట్లో ఉంటే నా మీది మాటలు కేసు మీద పడతాయి. నేను లేకపోతే ఎవరూ ఏమీ అనలేరు. చాలా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. అందరికీ మంచిది.

వెసెలీనాకు చెబితే అంది. "నీ బుర్ర వేగంగా పనిచేస్తుందని చెప్పింది కాలినా. ఎటువైపు వెళుతుందో చెప్పలేదు."

సభకు వెళ్ళలేదు.

ఏప్రిల్ 10, గురువారం

సోఫా బాగానే ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

సోఫాలో ఒక స్ప్రింగు ఉంది. నాకు దాని మీద కోపం లేదు.

ఏప్రిల్ 12, శనివారం

మధ్యాహ్నం వెసెలీనా కాలినాను తీసుకొచ్చింది. తను బయట మెట్ల మీద కూర్చుంది. కాలినా లోపలికి వచ్చి సోఫా, మడతపెట్టిన దుప్పటీ, టీ కప్పులో నా బ్రష్షూ చూసింది.

"కారులో కూర్చుందాం," అంది.

స్కూలు ముందు నిలబెట్టి ఉన్న కారులోనే కూర్చున్నాం. ఇద్దరం అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడ వంక చూశాం.

"నేను చెప్పినందుకే కదా వెళ్ళిపోయావు?"

"కాదు. జనం ఏదేదో అనుకుంటున్నారు. దానివల్ల..."

"జనానికి నేను చెప్పలేదు. నీకు చెప్పాను."

నేను స్టీరింగ్ పట్టుకున్నాను, బండి ఆగే ఉంది.

"నీకు చెబితే నువ్వు ఇంట్లోంచి వెళ్ళిపోయావు. అమ్మ, అమ్మమ్మ మాట్లాడుకోవట్లేదు. నేను చెప్పకపోతే అందరూ ఉండేవాళ్ళు." ఆమె గొంతు కొంచెం కూడా పెరగలేదు. "ఇంకోసారి ఏదైనా చెప్పాలంటే ఎవరికి చెప్పాలి? సీమోవా గారికా?"

నేను జనం కోసం కట్టిన గోడ ఆమెకు ఎలా కనిపించిందో అప్పుడు తెలిసింది. వాడు చేసిన పనికి నేను ఇంకో పని కలిపాను, అంతే.

"నేను తప్పు చేశాను," అన్నాను. "నీవల్ల కాదు. భయమేసి వెళ్ళాను. పెద్దవాళ్ళకు భయమేస్తే దానికి మంచి పేరేదో పెట్టుకుంటారు."

"నువ్వేం పెట్టావు?"

"నిర్ణయం."

కారు తలుపు తెరిచి అంది. "దుప్పటి నేను తెస్తాను. బ్రష్షు నువ్వు తెచ్చుకో, అది అసహ్యంగా ఉంది."

ఏప్రిల్ 16, బుధవారం

మా అత్తగారు నాతోపాటు సభకు బయల్దేరింది. "ఆ జోర్నిత్సా ఎవరో, మీ బుర్రల్లో ఏం నూరిపోస్తోందో చూడాలి," అంది. తల్లులు ఒక పెద్ద కుర్చీ వెతికి తెచ్చారు. వద్దని చిన్నదాంట్లోనే కూర్చుంది. గంటన్నర ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగేళ్ళలో నేను చూడని వింత.

తిరిగి వచ్చేటప్పుడు, "నది పక్కనుంచి పోనీ అల్లుడూ," అంది. దూరం అత్తయ్యా అన్నాను. "దూరమనే పొమ్మంటున్నాను."

డాన్యూబ్ పక్కన చాలాదూరం వెళ్ళాక మొదలుపెట్టింది.

"నువ్వు బయట కాఫీ తాగుతున్నప్పుడు ఆ జోర్నిత్సాను అడిగాను. నమ్మడం నా చేతకావట్లేదే అమ్మాయ్, ఏం చెయ్యను అని. ఏమందో తెలుసా? నమ్మితే మీకేం పోతుందో చూసుకోండి అంది."

"చూసుకున్నారా?"

"చూసుకున్నాను. గురువారం పేకాట పోతుంది." కొంచెంసేపు కిటికీలోంచి నది వంక చూసింది. "అంతే అల్లుడూ. ఇంకేం పోదు. వెతికాను, ఇంకేం దొరకలేదు. పేకాట కోసం నేను నా మనవరాల్ని..."

నేను రోడ్డు వంకే చూశాను. కార్లలో ఏముందో గానీ.

ఇంటికొచ్చి కాలినా గది ముందు నిలబడింది. తలుపు తట్టింది. మా అత్తగారు తలుపు తట్టడం కూడా నాకు కొత్తే. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చాక వెసెలీనా వైపు తిరిగి, "ఉప్పు ఇటివ్వవే," అంది. వెసెలీనా ఇచ్చింది. నా రాయబారి ఉద్యోగం ఊడింది.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఈస్టరుకు ముందు శుక్రవారం. మా అత్తగారు కిందికి పాలకూర తీసుకుని వెళ్ళింది, బెంచీ మీద కూర్చుని కోసుకుంటానని. ఆమె పాలకూర ఎప్పుడూ వంటింట్లోనే కోస్తుంది. నేను బాల్కనీలోకి వెళ్ళాను, గాలి కోసం.

బెంచీ మీద మొదటి అంతస్తు పెన్కా, ఆమె స్నేహితులు ఇద్దరు. మా అత్తగారు ఆకులు తుంపుతూ అంది. వీధి చివరిదాకా వినిపించేంత మామూలుగా.

"పెన్కా, నా అల్లుడి గురించి ఏదో అన్నావట. నా ముందు కూడా అను, నాకు చెవుడు, సరిగ్గా వినపడలేదు."

"నేనేమన్నాను దోచ్కా? అందరూ అనుకుంటున్నదే..."

"అందరూ ఎవరు? ఈ బెంచీ మీద ముగ్గురున్నారు. విను మరి. మా పిల్ల చెప్పింది. మేం నమ్మాం. చేసింది పైఅంతస్తు వాడు. వాడితో పదిహేనేళ్ళు కాఫీ తాగినదాన్ని నేను, ఆ మాట నా నోటికి తేలిగ్గా రాలేదు. ఇక నా అల్లుడంటావా, జడ వెయ్యడానికి ముందు కూడా పిల్లను అడుగుతాడు. నీ మొగుడు నీ టీ కప్పు తీసుకునేటప్పుడైనా అడిగాడా ఎప్పుడైనా?"

పెన్కా స్నేహితురాలు ఒకావిడ నవ్వాపుకోలేకపోయింది. పెన్కా లేచి లోపలికి వెళ్ళిపోయింది. మా అత్తగారు పాలకూర మొత్తం అక్కడే కోసింది. కాడలతో సహా. రాత్రి కూర పీచుపీచుగా ఉంది, ఎవరం ఏమీ అనలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టరు. ఎర్రరంగు వేసిన గుడ్డుతో గుడ్డు కొట్టే పందెంలో అందరి గుడ్లూ పగలగొట్టింది కాలినా. తరువాత చూస్తే ఆమెది రంగు వేసిన చెక్క గుడ్డు. మా అత్తగారు పందెం చెల్లదంది. వెసెలీనా నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. కాలినా కంగారుపడి నా వైపు చూసింది.

"పుప్పొడి," అన్నాను.

"అబద్ధం," అంది కాలినా. వెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంది.

మే 6, మంగళవారం

నాలుగో అంతస్తు వాళ్ళమ్మాయి వర్నాలో కాలేజీ చదువుతోంది. బెంచీ మాటలు ఆమె దాకా చేరాయట. వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "నేనూ చెబుతాను," అందట. చిన్నప్పుడు ఆమె కూడా గురువారాలు చదరంగానికి వెళ్ళేది.

వాళ్ళమ్మ మా గుమ్మంలో నిలబడి ఈ మాట చెప్పింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వెసెలీనా ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. నేను లోపలికి వచ్చేసరికి వెసెలీనా గొంతు వినిపిస్తోంది, ఉద్యోగపు గొంతు కాదు, తన గొంతే: "బుధవారం ఒక సభ ఉంది. కుర్చీలు చాలా చిన్నవి. అలవాటైపోతుంది."

మే 22, గురువారం

రాత్రి పక్క తడిసిందని కాలినా దుప్పట్లు దాచింది. మూడోసారి. మిషన్లో వెయ్యి, బటన్ ఇది అని చూపించాను. ఇంకేమీ అనలేదు. ఈ మధ్య చీకటి పడితే మెట్లెక్కదు, నన్ను కిందికి రమ్మని ఫోన్ చేస్తుంది. జోర్నిత్సా అంది, ఇది తిన్నగా పైకి వెళ్ళే దారి కాదు, నదిలా ఒక వంపు వెనక్కి కూడా వస్తుందని.

నేను బాగానే ఉన్నాను. అంటే, అంత బాగా లేను. ఈ మాట మొన్న సభలో కూడా అన్నాను. ఎవరూ కుర్చీలోంచి పడిపోలేదు.

జూన్ 12, గురువారం

మాన్చెవ్ మీద అభియోగాలు కోర్టుకు వెళ్ళాయి. విచారణ శరదృతువులో. కాలినా కోర్టుకు రానక్కరలేదు, పసుపు గోడల నీలి గదిలో చెప్పినదే చాలునట. ఆమెకు చెప్పాను.

"వాడు ఒప్పుకోకపోతే?"

"అప్పుడూ మేం నిన్నే నమ్ముతాం."

"అది అడగలేదు. అది నాకు తెలుసు," అంది. ఆ తరువాత ఐస్‌క్రీమ్ అడిగింది.

మాన్చెవ్ భార్య ఇల్లు ఖాళీ చేసింది. లిఫ్టు పాడైంది. మా అత్తగారు ఊరినుంచి వచ్చే ఉంది. ఐదో అంతస్తు దాకా ఎక్కి, ఆమె సంచి ఒకటి తీసుకుని కింద వ్యాను దాకా మోసుకొచ్చింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. పైకి వచ్చాక చాలాసేపు చేతులు కడుక్కుంది. కోపంతో కాదనుకుంటాను.

జూన్ 24, మంగళవారం

సీమోవా గారు పరీక్ష పాసైంది. పరీక్షించినాయన కొత్తవాడు, పాపం.

జూలై 5, శనివారం

ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను.

పదకొండింటికి ఈత దగ్గర కాలినాను తీసుకురావడానికి వెళ్ళాను. లేదు. అసలు రాలేదన్నారు. ఫోన్ ఎత్తదు. రెండు వీధులు నడిచాను, తరువాత పరుగెత్తాను. వెసెలీనాకు ఫోన్ చేస్తే, "నెడ్కో, ఊపిరి తీసుకో, చివరిసారి ఎక్కడ చూశావో చెప్పు," అంది. ఆమె గొంతు మాత్రం ఊపిరి తీసుకోవట్లేదు. గంటకు పైగా వెతికాను. ఆ గంటలో నా తలలో ఏమేం తిరిగాయో రాయను.

నది ఒడ్డున దొరికింది. క్లాసులో పిల్ల మిహైలాతో, ఇద్దరూ కాళ్ళు నీళ్ళ వైపు వేలాడేసి మొక్కజొన్న కంకులు తింటున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపింది. ఫోన్ సైలెంటులో ఉందట. ఈత విసుగొచ్చిందట.

మార్చి నుంచి మా ఇంట్లో ఎవరూ ఆమెను గట్టిగా ఒక మాట అనలేదు. గ్లాసు పగలగొడితే "ఫర్వాలేదమ్మా", అన్నం వదిలేస్తే "ఫర్వాలేదమ్మా". నిబంధనలు మునుపటిలాగే ఉండనివ్వండి, పిల్లలకు అవి గోడల్లాంటివి అని జోర్నిత్సా ఎన్నిసార్లో చెప్పింది. నేను తల ఊపాను. ఇంటికొచ్చి ఫర్వాలేదమ్మా అన్నాను. ఆమె కూడా మాతో అంతే మర్యాదగా ఉంటూ వచ్చింది, చుట్టాలింటికి వచ్చినట్టు.

ఇంటికి తీసుకొచ్చాను. తలుపు మూశాక మొదలుపెట్టాను.

"ఎక్కడికి వెళుతున్నావో చెప్పకుండా వెళ్ళడం ఈ ఇంట్లో కుదరదు. ఈత మానేస్తే మానేశానని చెప్పు, తంటా లేదు. చెప్పకుండా మాయమవడం మాత్రం కుదరదు. ఒక వారం ఒంటరిగా బయటికి లేదు. మిహైలా ఇక్కడికి రావచ్చు, నువ్వు వెళ్ళకూడదు."

"ఒక గంటే కదా."

"ఆ గంటలో మీ అమ్మ పనిచోట ఫోన్లు అందుకోలేక తన కుర్చీ ఇంకొకరికి ఇచ్చింది. ఒక వారం."

"ఇది అన్యాయం."

"కావచ్చు. వారమే."

కాలినా మొహం ఎర్రబడింది. ఆ తరువాత మా బ్లాకంతా వినేలా అరిచింది.

"నువ్వు నా నాన్నవి కాదు!"

తలుపు వేసిన దెబ్బకు గోడమీద కేలండరు కిందపడింది.

అప్పుడే డ్యూటీ మధ్యలో వచ్చిన వెసెలీనా చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఉంది. నా మొహం చూసి భయపడింది.

"నెడ్కో, అది కోపంలో..."

"విన్నావా?" అన్నాను. "ఎంత గట్టిగా అరిచిందో విన్నావా?"

నాలుగేళ్ళుగా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుందని భయపడుతూనే ఉన్నాను. వస్తే ఏం చెప్పాలో జవాబులు కూడా తయారుచేసి పెట్టుకున్నాను. ఒక్కటీ అక్కరకు రాలేదు. పదేళ్ళ పిల్ల తన మారుతండ్రి మీద అలిగి తలుపు విసిరికొట్టింది. వెళ్ళిపోతాడేమో అన్న భయం ఏ కోశానా లేకుండా. వెసెలీనాకు నేను ఎందుకు నవ్వుతున్నానో అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తరువాత తనూ గోడకు ఆనుకుని, చప్పుడు బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వంటింట్లోకి వెళ్ళి బంగాళదుంపలు తరిగాను. వేయిస్తుంటే ఆ గది తలుపు వేలెడంత తెరుచుకుంది.

"బంగాళదుంపలా?"

"అవును."

తలుపు ఇంకో వేలెడు తెరుచుకుంది. "పైన చీజ్ తురుముతావా?"

"తురుముతాను."

"నీతో మాట్లాడుతున్నానని కాదు. ఊరికే అడిగాను." తలుపు మళ్ళీ మూసుకుంది.

చీజ్ తురిమాను. చాలా తురిమాను.